డ్రైవర్ గారు రాసిన కంప్లయింట్

ఏడో నంబరు బస్సు ఆ మంగళవారం పొద్దున పదకొండు నిమిషాలు లేటయింది. ట్రాఫిక్ వల్ల కాదు, టైరు పంక్చరై కాదు. "ఈ బస్సు ఆసుపత్రికి వెళ్తుందా అండీ?" అనే ఒక్క ప్రశ్న వల్ల. ప్రశ్న ఒక్కటే, కానీ పద్నాలుగు మంది అడిగారు. వరుసగా, ఒకరి వెనక ఒకరు.

డ్రైవర్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. ఐదేళ్ళ సర్వీసులో ఒక్కరోజూ లేటవలేదని లోలోపల కాస్త గర్వం కూడా. ఆ బస్సులో టికెట్ ఇచ్చేదీ అతనే, తలుపు మూసేదీ అతనే, ఎవరినైనా కసరాల్సి వస్తే కసిరేదీ అతనే.

ముందుగా ఒక పొడుగాటి కుర్రాడు తల వంచుకుని ఎక్కాడు. చేతిలో చీటీ చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"డ్రైవర్ గారూ, నువ్వు ఆసుపత్రికి వెళ్తారా?"

"నేనెందుకు వెళ్తాను? నాకేం రోగం?"

కుర్రాడి మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి చూశాడు. వరుస చివర పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకున్న ఒకమ్మాయి నిలబడి ఉంది. అక్కడినుంచే చెప్పింది.

"డ్రైవర్ గారు కాదు నాన్నా, బస్సు. బస్సు వెళ్తుందా అని అడగాలి. మళ్ళీ అడుగు."

"ఈ బస్సు ఆసుపత్రికి వెళ్తాడా?"

"వెళ్తాడు, వెళ్తాడు. ఎక్కు బాబూ!"

"వెళ్తాడు అనకండి, తప్పు నేర్చుకుంటారు," అంది ఆ అమ్మాయి.

తర్వాతి అమ్మాయి ఇంకో రకం. టికెట్ చేతిలో పెడితే, "దీని మీద టైము ఎందుకు?" అని అడిగింది. చెప్తే, "గంటే ఎందుకు? రెండు గంటలు ఎందుకు కాదు?" అంది. ఎనిమిదోవాడి దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ ఓపిక అయిపోయింది.

"మేడం! ఇది బస్సా, బడా?"

"రెండూనండి. ఇంకో ఆరుగురే."

"వెనక జనం ఆఫీసులకి వెళ్ళాలి!"

"వీళ్ళు కూడా రేపు ఆఫీసులకి వెళ్ళాలనే కదండీ ఈ తంటా అంతా."

బస్సులో సగం మంది నవ్వారు. అదే అతనికి మంటెక్కించింది. ఆ పదకొండు నిమిషాలు ఎలాగో క్షమించేవాడేమో కానీ, ఆ నవ్వు మాత్రం మింగుడుపడలేదు. అవసరం లేకపోయినా హారన్ కొట్టాడు.

డ్యూటీ దిగగానే డిపోలో కంప్లయింట్ ఫారం అడిగి తీసుకున్నాడు. ముందూ వెనకా రెండు పేజీలూ నింపాడు. "ప్రజల బస్సును బడిగా మార్చి, తోటి ప్రయాణికుల ఓపికతో ఆటలాడుతున్నారు" అన్న వాక్యం తనకే తెగ నచ్చింది. పెట్టెలో పడేసి, టీ తాగి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు. నాలుగు రోజులకి ఆ సంగతే మర్చిపోయాడు.

పై మంగళవారం చివరి స్టాపులో బస్సు ఆపి నీళ్ళు తాగుతుంటే, పసుపుపచ్చ రెయిన్‌కోటు కిటికీ పక్కకి వచ్చింది.

"పోయినసారి తప్పు నాదేనండి. ఆఫీసు టైమని చూసుకోలేదు. ఇకనుంచి పదిన్నర ట్రిప్పుకి వస్తాం. అప్పుడు బస్సులో తొమ్మిది మందికి మించి ఉండరు."

"ఎవరు చెప్పారు?"

"మూడు రోజులు స్టాపులో నిలబడి చూశాను."

"దానికి మూడు రోజులెందుకు? టైములన్నీ బోర్డు మీద ఉంటాయిగా."

"బస్సు టైము బోర్డు మీద ఉంటుంది. డ్రైవర్ గారి మూడ్ ఉండదు కదండీ. పదిన్నరకి మీరు కాస్త నవ్వుతూ ఉంటారు. చూశాను."

అతను నీళ్ళ సీసా మూత పెట్టడం మర్చిపోయి ఒళ్ళో ఒంపుకున్నాడు.

ఆమె దగ్గర్లో ఉన్న యూత్ సెంటర్‌లో పనిచేస్తుంది. యుద్ధాల్లో ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలు, పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ లోపువాళ్ళు, అక్కడికి వస్తారు. కొందరికి అమ్మానాన్న ఉన్నారు, కొందరికి ఎవరూ లేరు. అందరూ ఆమెని 'అక్కా' అంటారు.

"అయినా బస్సే ఎందుకండీ? క్లాసురూములో నేర్పొచ్చుగా?" అడిగాడు.

"మా పొడుగువాడు వచ్చిన కొత్తలో మా సెంటర్‌కి రావాలని ఒక్కడే బస్సెక్కాడు. ఏ స్టాపులో దిగాలో తెలియదు. ఎవరినైనా అడిగితే నవ్వుతారని భయం. ఈ చివర నుంచి ఆ చివరకి మూడుసార్లు తిరిగాడు. ఆఖరికి డ్రైవర్ దింపేస్తే ఇంటిదాకా నడిచి వెళ్ళాడు."

డ్రైవర్ సీసాకి మూత పెట్టి ఆమె వైపు తిరిగాడు. "ఆ డ్రైవర్... నేనా?"

"అడిగాను. కాదట. ఆయనకి పెద్ద మీసం ఉందట."

ఆ పూట పద్నాలుగు మందీ మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. అతను పద్నాలుగుసార్లు, "వెళ్తుందండీ, ఎక్కండి" అన్నాడు. బస్సు టైముకే చేరింది.

ఆ తర్వాత మంగళవారాలు వాటంతట అవే వచ్చి చేరాయి అతని జీవితంలోకి. సోమవారం సాయంత్రమే యూనిఫాం ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న కూడా అదే డిపోలో డ్రైవర్‌గా రిటైరైన మనిషి. పేపరు మడత దించి చూశాడు.

"ఏరా చిన్నోడా, మంగళవారం ఎవరైనా మంత్రిగారు ఎక్కుతున్నారా బస్సు?"

"లేదు నాన్నా. ఊరికే."

"ఊరికే కాలరుకి అంత గంజి పెట్టరురా."

ఒకరోజు ఆమె అడిగింది, సెలవు రోజు సెంటర్‌కి వచ్చి పిల్లలతో మాట్లాడతారా అని. వెళ్ళాడు. హాల్లో కుర్చీలు రెండేసి వరుసలుగా వేసి బస్సు చేశారు. ముందు కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, ఒక పళ్ళెం స్టీరింగుగా చేతికిచ్చారు.

"మీరు కోపిష్టి డ్రైవర్ అన్నమాట," అంది ఆమె. "వీళ్ళు భయపడకుండా మాట్లాడాలి. నటించగలరా?"

"నటించడం దేనికి?" అన్నాడు పొడుగువాడు. "మొదటిరోజులాగా ఉంటే చాలు."

హాలంతా గొల్లుమంది. డ్రైవర్ నాలుక కరుచుకున్నాడు. కానీ ఆ గంటసేపు అతను కసిరాడు, విసుక్కున్నాడు, చిల్లర లేదన్నాడు, తప్పు స్టాపులో దింపాడు. పిల్లలు ఒక్కొక్కరూ నిలబడి జవాబు చెప్పారు. చివరిగా 'ఎందుకు' వచ్చింది. ఎప్పుడూ ఎందుకెందుకని అడుగుతుందని ఆ అమ్మాయికి అందరూ పెట్టిన పేరది.

"మీరు అరుస్తున్నారు. నాకు చెవులు బాగానే ఉన్నాయి. మెల్లగా చెప్పండి, అర్థమవుతుంది," అంది గుక్కతిప్పుకోకుండా.

డ్రైవర్ పళ్ళెం కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. తలెత్తి చూస్తే ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక ఇంకో రెండు గంటలు అరవమన్నా అరిచేవాడే.

టీ తాగుతూ ఆమె తన సంగతి చెప్పింది. ఎనిమిదేళ్ళప్పుడు తనూ ఇలాగే వచ్చిందట, అమ్మ చెయ్యి పట్టుకుని.

"అమ్మకి భాష రాదు. ప్రతి కౌంటర్ దగ్గరా నేనే మాట్లాడేదాన్ని. డాక్టర్ దగ్గర అమ్మ నొప్పి కూడా నేనే చెప్పేదాన్ని. అందరూ చాలా తెలివైన పిల్ల అనేవాళ్ళు. అమ్మ మాత్రం అలా మూగగా ఉండిపోయింది, చాలా ఏళ్ళు." కప్పులోకి చూస్తూ ఆగింది. "వీళ్ళ తరఫున నేను గబగబా మాట్లాడేస్తే పని తొందరగా అయిపోతుంది. కానీ వీళ్ళు మాట్లాడేదాకా నోరు మూసుకుని నిలబడాలి. నా ఉద్యోగంలో కష్టమైన పని అదే."

అతను ఇంకో బిస్కెట్ ఆమె వైపు జరిపాడు.

ఈలోగా 'ఎందుకు' నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఫ్రెండ్స్‌ని 'నువ్వు' అనాలి అన్నావు. నువ్వు డ్రైవర్ గారిని 'మీరు' అంటావు. డ్రైవర్ గారు నిన్ను 'మీరు' అంటారు. మీరు ఫ్రెండ్స్ కారా?"

"ఫ్రెండ్సే."

"మరి 'నువ్వు' ఎందుకు అనరు?"

"అంటే... ఇంకాస్త దగ్గరివాళ్ళయితే అంటాం."

"ఎంత దగ్గర?" పొడుగువాడు రెండు చేతులూ చాపి కొలత చూపించాడు. "ఇంతా? ఇంతా?"

"పోండి, కుర్చీలు సర్దండి!" అంది ఆమె. చెవుల దాకా ఎర్రబడింది.

గేటు దగ్గర అతను చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి అడిగింది. "పై వారం కూడా వస్తావా?"

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వస్తాను," అన్నాడు. "నువ్వు రమ్మంటే రోజూ వస్తాను."

అలా రెండున్నర నెలలు గడిచాయి. ఒకరోజు డిపో మేనేజర్ అతన్ని పిలిచి భుజం తట్టాడు.

"భేష్ అయ్యా! నీ కంప్లయింట్ మీద పైవాళ్ళు యాక్షన్ తీసుకున్నారు. ఆ యూత్ సెంటర్ వాళ్ళు ఇకనుంచి గుంపుగా బస్సెక్కడానికి వీల్లేదని లెటర్ వెళ్ళింది. ఇంత చక్కగా రాస్తావని నాకు తెలియదు సుమా!"

"సార్, అది... వెనక్కి తీసుకుంటాను."

"వెనక్కి తీసుకోవడానికి అదేమైనా అప్పిచ్చిన గొడుగా? ఆర్డర్ అయిపోయింది."

సెంటర్‌కి పరిగెత్తాడు. ఆమె అప్పటికే వరండాలో లెటర్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అతన్ని చూడగానే ప్రాణం లేచివచ్చినట్టు ఎదురొచ్చింది.

"వచ్చావా! చూడు ఏం రాశారో. కంప్లయింట్‌లో మాటలే ఎత్తి రాశారు. 'ప్రజల బస్సును బడిగా మార్చి...' అబ్బ, ఏం భాషో! ఇది రాసిన మహానుభావుడికి నిద్ర ఎలా పట్టిందంటావు?"

"బాగానే పట్టింది," అన్నాడు.

ఆమె అడుగు ఆగిపోయింది.

"ఆ రోజు బాగానే పట్టింది. ఇకమీద పట్టదు." అతను కళ్ళెత్తలేకపోయాడు. "అది రాసింది నేనే. మొదటిరోజే. కోపంలో రాశాను, తర్వాత నిజంగా మర్చిపోయాను."

ఆమె లెటర్‌ని నాలుగు మడతలు పెట్టింది.

"మీరు మర్చిపోయారు," అంది నెమ్మదిగా.

ఆ 'మీరు' అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టు తగిలింది.

"నాకు చెప్పి ఏం లాభం? లోపల పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్ళకి చెప్పండి."

లోపలికి వెళ్ళి చెప్పాడు. తేలిక మాటల్లో, మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పాడు. 'ఎందుకు' అడిగింది, అలవాటుగా కాదు, నిజంగానే.

"ఎందుకు?"

"లేటయిందని కోపం. అందరూ నవ్వారని ఇంకా కోపం. మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో నేను అడగలేదు. అది నా తప్పు."

పొడుగువాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "మా ఊళ్ళో మనిషి మీద కంప్లయింట్ రాస్తే, ఆ మనిషి ఇంటికి తిరిగి రాడు. మా మావయ్య రాలేదు." ఇటు తిరిగాడు. "ఇక్కడ ఏమవుతుంది?"

డ్రైవర్ ఆమె వైపు చూశాడు. జవాబు అతనే చెప్పాలన్నట్టు ఆమె తిరిగి చూసింది.

"ఇక్కడ..." అన్నాడు, "ఇక్కడ తిరిగి జవాబు రాయొచ్చు. మేనేజర్ గారి దగ్గరికెళ్ళి మాట్లాడొచ్చు. ఎవరూ ఏమీ చెయ్యరు. నేను మీ పక్కనే ఉంటాను."

పద్నాలుగు మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'ఎందుకు' నోట్‌బుక్ తెరిచింది. "అయితే రాద్దాం. 'ప్రయాణికులు'కి వత్తు ఎక్కడ వస్తుంది?"

జవాబు ఐదుసార్లు తిరగరాశారు. పది రోజులు అతనికి స్పెల్లింగులు చెప్పే ఉద్యోగమే మిగిలింది. ఆమె పనికి అవసరమైన మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. టీ మాత్రం ఇచ్చేది. కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది.

ఇంట్లో నాన్న అంతా విని, పేపరు పక్కన పెట్టాడు.

"ఒరేయ్, నీ చేత్తో రాసింది నీ నోటితో సరిచెయ్యి. మేనేజర్ ముందు గొణక్కు. నిలబడి చెప్పు."

డిపోలో మేనేజర్ గదికి అంతమందీ పట్టలేదు. ఐదుగురు లోపల, మిగతావాళ్ళు గుమ్మంలో. 'ఎందుకు' ముందుకొచ్చింది. కాగితం తేలేదు.

"సార్, మొదటిరోజు బస్సు లేటు. తప్పు మాది. మేము టైము మార్చుకున్నాం. ఇప్పుడు లేటు కాదు. మరి ఈ లెటర్ ఎందుకు?"

"గుంపుగా ఎక్కాలంటే ముందు పర్మిషన్ అడగాలమ్మా. అది రూలు."

"ఆ రోజు మాకు అడగడం రాదు సార్. ఇప్పుడు వచ్చు. అడుగుతున్నాం. పర్మిషన్ ఇస్తారా?"

మేనేజర్ ఇబ్బందిగా కదిలి, పిల్లల వెనక నిలబడ్డ అక్క వైపు తిరిగాడు. "మేడం, మీరు చెప్పండి."

ఆమె బ్యాగు పట్టీని పిడికిలి బిగించి పట్టుకోవడం డ్రైవర్ చూశాడు. చెప్పాలనుకున్నవి నూరు మాటలున్నాయి ఆ పిడికిట్లో.

"నేనేం చెప్పను సార్. మిమ్మల్ని అడుగుతున్నది ఆ అమ్మాయి."

డ్రైవర్ అడుగు ముందుకేశాడు. "సార్, కంప్లయింట్ రాసింది నేను. ఒక్కరోజు చూసి రాశాను. తర్వాత పది మంగళవారాలు చూశాను. ఇదిగో ట్రిప్ షీట్లు. పది ట్రిప్పులూ టైముకే చేరాయి. ఆ ఒక్కరోజుని నమ్మితే, ఈ పదీ కూడా నమ్మాలి."

మేనేజర్ షీట్లు తిరగేశాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"సరే. పదిన్నర ట్రిప్పుకి, సంవత్సరం దాకా పర్మిషన్ రాస్తాను. సంతోషమేనా?"

"సంతోషం సార్. ఇంకోటి," అంది 'ఎందుకు'. "మీ షెడ్డులో బస్సులు బాగుచేసే పని నాకు నేర్పుతారా?"

మేనేజర్ కళ్ళు పెద్దవి చేశాడు. "ఎందుకు?"

గుమ్మంలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. మేనేజర్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఏమన్నాను?"

"నా పేరు పిలిచారు సార్," అంది ఆ అమ్మాయి. మొట్టమొదటిసారి ఆ గదిలో నవ్వింది. "పాత బస్సు గేరు మార్చినప్పుడు మూలుగుతుంది. ఎందుకో తెలుసుకోవాలి."

షెడ్డులో పని నేర్చుకోవడానికి అప్లికేషన్ ఫారం ఆ సాయంత్రమే ఆ అమ్మాయి చేతికొచ్చింది.

తర్వాతి మంగళవారం వాన. పిల్లలందరూ ఆసుపత్రి స్టాపులో గొడుగులు విప్పుకుంటూ దిగిపోయారు. వాళ్ళతో ఇంకో టీచరు ఉంది. ఆమె మాత్రం ముందు సీట్లో కూర్చునే ఉంది. చివరి స్టాపు వచ్చింది. బస్సులో ఇద్దరే మిగిలారు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"చివరి స్టాపండీ," అన్నాడు అద్దంలో చూస్తూ. "దిగాలి."

"ఎంతసేపు ఆగుతుంది ఇక్కడ?"

"ఏడు నిమిషాలు."

"చాలు." లేచి వచ్చి అతని సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. "లెటర్‌లో నీ పేరు లేదు. నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"అవును."

"మరి ఎందుకు చెప్పావు?"

"చెప్పకపోతే మంగళవారం నీ మొహం చూడలేను. మంగళవారం లేకపోతే నాకు వారం గడవదు."

ఆమె పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. "ఇది ప్రేమా, టైంటేబులా?"

"నాకు రెండూ ఒకటే. ఇంకోలా ఎలా చెప్పాలో తెలియదు. నువ్వంటే ఇష్టం. నువ్వు నోరు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా ఇష్టం. పదిరోజులు మాట్లాడకపోతే... టీ కూడా నోటికి చేదయింది."

"అందులో చక్కెర వెయ్యలేదు," అంది. "పదిరోజులూ. కోపంతో."

"అలాగా! నేను దుఃఖం అనుకున్నాను."

ఈసారి ఆమెకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే అతని భుజం మీద చెయ్యి వేసింది. బయట వాన స్టాపు చూరు మీంచి ధారగా పడుతోంది. ఏడు నిమిషాలు ఎప్పుడు తొమ్మిదయ్యాయో ఇద్దరూ చూసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం, డ్రైవర్ వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆమె తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. మనిషి నిటారుగా, మాట తక్కువగా. వేడి వేడి టీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. కూతురు మాట కలపబోతే చేత్తో వారించింది.

"నేను మాట్లాడతాను," అంది. ఒక్కొక్క మాటే ఏరుకుని పేరుస్తున్నట్టు మాట్లాడింది. "నా కూతురు అందరినీ చూసుకుంటుంది. ఏడుపు వస్తే మాత్రం ఎవరికీ చూపించదు. చిన్నప్పటినుంచీ అంతే. అది లోపల ఏడిస్తే, బాబూ, నీకు తెలుస్తుందా?"

తెలుస్తుందని చెప్పమన్నట్టు వాళ్ళ నాన్న మోచేత్తో పొడిచాడు. డ్రైవర్ ఆలోచించాడు.

"ప్రతిసారీ తెలియకపోవచ్చు అత్తయ్యా. నాకంత తెలివి లేదు. కానీ అడుగుతాను. చెప్పేదాకా పక్కనే కూర్చుంటాను."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ కూతురి కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. తల్లి అది కూడా చూసింది.

"అత్తయ్యా అని పిలిచేశాడు అప్పుడే," అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ. అది నవ్వో ఏడుపో తెలియలేదు. "అన్నయ్యగారూ, మీవాడికి తొందర ఎక్కువ."

"బస్సు నడిపేవాడు కదమ్మా," అన్నాడు వాళ్ళ నాన్న. "టైము దాటనివ్వడు."

ఆవిడ లేచింది. కూతురి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, డ్రైవర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ తర్వాత టీపాట్ అందుకుని, అందరికంటే ముందు అతని కప్పు నింపింది.